గుడ్లగూబలున్న ఇంటి నంబరు

"...గుడ్లగూబలున్నయని రాసుకో, ఎవ్వలొద్దన్నరు? ఇంటి నంబర్ ఎందుకు రాసినవన్నా?"

తార్నాకలో ఒక సందు మలుపున, తన ఇంటి గేటు పట్టుకుని ప్రమీలమ్మ అడుగుతోంది. గేటుకు ఇవతల పరశురాం, మెడలో కెమెరాతో నిలబడి ఉన్నాడు. పక్కన అతని భార్య స్వర్ణ, చేతిలో కూరగాయల సంచి.

"నంబర్ లేకుంటే ఎట్ల దొరుకుతదక్కా?" అన్నాడతను.

పరశురాం ముప్పై రెండేళ్లు పోస్ట్‌మాన్‌గా పనిచేశాడు. యూనివర్సిటీ క్యాంపస్, తార్నాక అతని బీటు. రిజిస్టర్డ్ ఉత్తరాలకు సంతకం పెట్టాల్సిన హాస్టల్ విద్యార్థులు పది దాటితే గాని లేచేవారు కాదు. వాళ్ల కోసం చెట్ల కింద కూర్చోవడంలో పిట్టలు పరిచయమయ్యాయి. రిటైరయ్యాక పాత కెమెరా ఒకటి కొన్నాడు. రెండేళ్లుగా ఒక చిన్న పత్రికలో ప్రతి ఆదివారం ఒక పిట్ట గురించి ఫొటోతో సహా రాస్తున్నాడు. వర్ణనలు తక్కువ, చిరునామా మాత్రం పూర్తిగా ఉంటుంది. "లైబ్రరీ వెనక, ఎడమ నుంచి మూడో కానుగ. ఏడు లోపు వెళ్లాలి." ఒకసారి వడ్రంగి పిట్ట చెట్టు మారితే, మరుసటి వారం కొత్త చిరునామా వేశాడు.

క్యాంపస్‌కు దగ్గరగా ఇల్లు తీసుకుందామని అతను అడిగినప్పుడల్లా, ఇప్పుడుంటున్న వారాసిగూడ వదిలి రానని స్వర్ణ తెగేసి చెప్పేది.

పోయిన ఆదివారం ప్రమీలమ్మ వేపచెట్టు తొర్రలోని గుడ్లగూబల జంట గురించి, వాటి రెండు పిల్లల గురించి రాశాడు. పిన్ కోడ్ కూడా వేశాడు.

"మేడ మీది పోర్షన్ కిరాయికి చూడనీకి ఒకాయన వచ్చిండు. పేపర్ ముక్క చూపెట్టి, గిదేనా ఇల్లు అన్నడు. నేను సంబరపడి ఔనంటి. మళ్ల రాలే," అంది ప్రమీలమ్మ. "వచ్చే ఆదివారం, అవి ఎల్లిపోయినయని రాయి. లేకుంటే సోమవారం చెట్టు కొట్టిస్త. మనిషిని గూడ మాట్లాడిన."

పరశురాం తలెత్తి చూశాడు. తొర్రలోంచి ఒక పిల్ల గుండ్రటి కళ్లతో ముగ్గురినీ చూస్తోంది. దానికింకా రెక్కలు ముదరలేదు.

"ఉన్నదాన్ని లేదని ఎట్ల రాస్తక్కా?"

"ఇంట్ల లేరని రాసి ఎన్ని ఉత్తరాలు వాపస్ పంపలే నువ్వు?"

"తలుపు కొట్టి చూసినంకనే రాసిన."

"మా మరిది పెండ్లి కార్డులు పంచినా ఈయన సంతకాలు తీసుకున్నడక్కా. ఈయనతోటి అబద్ధం రాయించుడు నీ తరం గాదు," అంది స్వర్ణ.

"మూడు వారాలు ఆగు. పిల్లలు ఎగిరిపోతయి," అన్నాడు పరశురాం.

"పెద్దయి?"

స్వర్ణ అతని చెయ్యి గిల్లింది.

"అవి పోవక్కా. ఏటా గదే తొర్ర."

ప్రమీలమ్మ గేటు గడియ పెట్టింది. పరశురాం కెమెరా లెన్సుకు మూత పెట్టాడు, మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు. స్వర్ణ చెట్టు వైపు చూడలేదు. మేడ మీది కిటికీలు చూస్తోంది.

"అక్కా, మీదికి నీళ్లు ఎక్కుతయా?"

"ఎక్కుతయి. బోరున్నది. ఎందుకు?"

స్వర్ణ కూరగాయల సంచి భర్త చేతికిచ్చింది.

"చెట్టు కొట్టేటాయనను రావద్దని చెప్పు. సోమవారం మేము సామాన్లు తెచ్చుకుంటం."