ఇంగ్లీషు సారు అడిగి తీసుకున్న చుట్టకుదురు

మా ఇంగ్లీషు సారు పోయారు. మంగళవారం పొద్దున బుక్కరాయసముద్రం బస్టాండులో నాతో చదువుకున్న ఒకామె చెప్పింది. చెప్పి ఊరుకోకుండా, "అదే, పిల్లోళ్ళతో నీళ్ళు మోయించుకున్న సారు, గుర్తుండాడా?" అంది. ఏడవాల్సిన దాన్ని ఆమె మీద కోపం తెచ్చుకున్నాను. పదేళ్ళు దాటినా మా ఊళ్ళో ఆయనకు అదే పేరు. ఆ పేరు అంటించడంలో నా నోరు కూడా ఉంది. అందుకే జరిగింది జరిగినట్టు మీకు చెబుతున్నాను.

మాది కంబదూరు దగ్గర పల్లె. నేను పదో తరగతి చదువుతున్న ఏడు వానల్లేవు. సగం రోజులు చేలకు పోయి సగం రోజులు బడికొచ్చే మాకు ఇంగ్లీషంటే గుండెదడ. ‘షి క్యారీ’ అనాలో ‘షి క్యారీస్’ అనాలో ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కేది కాదు. ఒకరోజు సారు పుస్తకం మూసేసి, నన్ను ఇంటికి పంపి కడవా, దానికింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురూ తెప్పించారు. మా అమ్మ పాత పచ్చచీర పేలికలు చుట్టి చేసిన కుదురు అది.

"ఒంటి మనిషి కడవ మోయాలంటే నెత్తిన కుదురు ఉండాల. ఇద్దరు కట్టెకు తగిలించుకొని మోస్తే కుదురుతో పనేముండాది? ఇంగ్లీషులో ‘క్యారీ’ చివర ఎస్సు కూడా అంతే," అన్నారు. నన్ను వరండాలో నడిపించి, క్లాసంతా ‘షి క్యారీస్’ అని అరవమన్నారు.

"‘ఐ’, ‘యూ’ కూడా ఒంటోళ్ళే కదా సార్. వాళ్ళకెందుకు ఎస్సు లేదు?" అని అడిగాను.

సారు నవ్వారు. "‘ఐ’, ‘యూ’ అంటే మనమే, ఎదురెదురుగా ఉండాం కదమ్మా. కడవ జారితే ఒకరికొకరు పట్టుకుంటాం. ఈడ లేని మనిషికే కుదురు కావాల."

అప్పుడే హెడ్మాస్టరు ఏదో పనిమీద బయటికి పోతూ నా ఖాళీ కడవకు ఎదురుపడ్డాడు. "ఏమప్పా, మంచి పనిమీద పోతాంటే ఖాళీ కడవ ఎదురు పంపిస్తావా? నీళ్ళన్నా పోయించు!" అని కేకలేశాడు. సారు సరేనన్నారు. మర్నాటి నుంచి నిండు కడవలే మోశాం. పాఠం అయ్యాక ఆ నీళ్ళు బడి తాగునీళ్ళ బానలో పోయించేవారు. ఒక్క చెంబెడు ఆయన ఇంటికి పోలేదు.

బోరింగు దగ్గర నీళ్ళకోసం జుట్లు పట్టుకునే రోజులవి. ఆడపిల్లలు బడిలోకి నిండు కడవలు మోసుకుపోతుంటే చూసినవాళ్ళు ఊరుకుంటారా? సారు పిల్లలతో ఇంటికి నీళ్ళు మోయించుకుంటున్నాడని అర్జీ పెట్టారు. విచారణకు ఆఫీసరు వచ్చాడు. సారును బయటే ఉంచి నన్ను లోపలికి పిలిచారు.

"ఏమ్మా, నీళ్ళు మోసినావా?"

"మోసినా సార్."

"ఎవరు మోయమన్నారు?"

"ఇంగ్లీషు సారు."

అంతే రాసుకున్నాడు. నీళ్ళు పోయించమన్న పెద్దమనిషి పక్క కుర్చీలోనే ఉన్నాడు. పెదవి కదపలేదు. ఆయన్ను చూసి భయపడి నేనూ నోరు మూసుకున్నాను.

వారం తిరక్కుండా సారును వజ్రకరూరు వైపు మార్చేశారు. పోయేముందు క్లాసుకొచ్చి, "వాన పడితే ఆడ చేలల్లో వజ్రాలు ఏరుకుంటారంట. నేనూ ఏరుకుంటాలే," అన్నారు. నేను ఏడుస్తూ, ఆ గదిలో అన్నదీ అననిదీ చెప్పేశాను. "అడిగినదానికి చెప్పినావు, పోనీలే. పరీక్ష బాగా రాయి. ఈ కుదురు నాకిస్తావా?" అని అడిగి తీసుకున్నారు. ఒక్క మాట తిట్టి ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదు.

ఇప్పుడు నేనూ ఇంగ్లీషు టీచరునే. ఇన్నేళ్ళూ ఆ పాఠం నల్లబల్ల మీదే చెప్పాను. కడవ ముట్టుకోవడానికి భయం.

బుధవారం సారు ఇంటికి పోయాను. ఆ హెడ్మాస్టరు దండ పట్టుకుని వచ్చి, "కడవతో పాఠం చెప్పేవాడు, అట్లాంటి అయ్యవారు మళ్ళా రాడు," అని కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీళ్ళు పోయించమన్నది మీరే కదా సార్?" అన్నాను అందరి ముందూ.

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ?"

"ఇప్పుడు సారు ఈడ లేడు కాబట్టి."

ఆయన దండ వేసి వెళ్ళిపోయాడు. వచ్చినవాళ్ళు నన్నే వింతగా చూశారు. చూడనీ. ఆ మాట ఆఫీసరు ముందు అనాల్సింది. సారు భార్య లోపలికి పోయి సుద్దముక్కల డబ్బాలోంచి మా అమ్మ కుదురు తెచ్చి నా చేతిలో పెట్టింది. పచ్చరంగు వెలిసిపోయి ఉంది.

ఈ పొద్దు దాన్ని క్లాసుకు తీసుకుపోయాను. ఒక పాప కుదురు పెట్టుకుని కడవ ఎత్తుకుంది. వరండాలో మా బడి పెద్దలు ఎవరో వస్తున్నారు. పాప గుమ్మంలో ఆగి, "టీచర్, నీళ్ళు పోసుకొని రానా?" అని అడిగింది.

"వద్దు. అట్లే పో," అన్నాను.

క్లాసంతా ‘షి క్యారీస్’ అని అరుస్తుంటే, ఖాళీ కడవ వాళ్ళకు ఎదురుగా నడుచుకుంటూ పోయింది.