రాయిని వినే చెవి

ఆ రోజు నేను చెక్కిన విగ్రహాన్ని నంద్యాలలో దించేసరికి నడుం విరిగినంత పనైంది. ఆళ్లగడ్డ బస్సెక్కే ఓపిక లేక, అక్కడే ఉద్యోగం చేసుకుంటున్న నా కూతురి గదికి వెళ్లి మంచం మీద వాలాను. కునుకు తీద్దామంటే అది ఊరుకుంటేనా! కొత్తగా కొన్న హెడ్‌ఫోన్ తెచ్చి నా తలకు తగిలించింది.

"అమెరికా పల్లెపాటలు నాయనా, కంట్రీ పాప్. ఆల్బమ్ మొత్తం లాస్‌లెస్. వాళ్లు పాడింది పాడినట్టే వస్తాది, రవ్వంత గూడా పోదు."

గిటారు మోగింది, ఎవరో అమ్మాయి పాడింది. నాకు ఇంగ్లీషు రాదు. అయినా పాట బాగానే ఉంది, కళ్లు మూతలు పడుతున్నాయి.

"పాటకు ముందు ఆయమ్మ ఊపిరి తీసుకుంటాంది, వినపడతాందా?"

"పాట వినమంటావా, ఊపిరి వినమంటావా?" అన్నాను విసుగ్గా.

మళ్లీ పెట్టింది. శబ్దం పెంచి ఇంకోసారి పెట్టింది. ఊపిరి వినపడలేదు. హెడ్‌ఫోన్ తను పెట్టుకుని "ఇదో, ఈడ!" అని నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

నాకు భయం వేసింది. ఇన్నేళ్లు రాయి కోసే మిషన్ పక్కన బతికిన చెవులు. దూది పెట్టుకోమని నా భార్య మొత్తుకున్నదంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పాట పోతే పోయింది. మా పనిలో ఉలి పట్టకముందు రాయిని సుత్తితో కొట్టి వింటాం. మంచి రాయి గంటలా మోగుతుంది. లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. ఆ తేడా తెలియనివాడు ఎంత బాగా చెక్కినా దండగే. ఈమధ్య ఒక విగ్రహం, మొహం పూర్తయ్యాక భుజం దగ్గర పగులిచ్చింది. నా ఖర్మ అనుకున్నాను గానీ చెవిని అనుమానించలేదు.

ఆదివారం కూతురు ఆళ్లగడ్డ వచ్చింది. అప్పటికి మా పనిచోట కొత్త రాయి దిగి ఉంది. దాని చుట్టూ తిరుగుతున్నానే గానీ మొదలుపెట్టే ధైర్యం చాలడం లేదు. అనుమానంతోనే సగం అలిసిపోయాను.

"పాపా, నేను కొడతా. నువ్వు విను."

"నాకేం తెలుస్తాది నాయనా?"

"ఆయమ్మ ఊపిరి విన్నావు గదా. ఇదీ వినులే."

కళ్లు మూసుకుంది. పైన కొట్టాను, నడుమ కొట్టాను, కింద కొట్టాను.

"నడుమ ఇంకోసారి కొట్టు," అంది.

కొట్టాను. కళ్లు తెరిచింది గానీ నావైపు చూడలేదు.

"ఈ రాయి వద్దు నాయనా."

సుత్తి కింద పెట్టాను. నాకు మూడు చోట్లా ఒకే మోత వినిపించింది.