భూమన్న భుజానికి ఒక అత్తరు

1937 చలికాలం. నాందేడ్‌లో మా నాయన పెట్టిన అత్తరు దుకాణంలో నేను కూర్చుంటున్న రోజులు. హైదరాబాదులో బి.ఎ. చదివి వచ్చి సీసాలు తుడుస్తున్నానని ఊళ్లో చాలామందికి నా మీద జాలి. ఆ జాలితో ఎవరూ అత్తరు కొనలేదు కాబట్టి నేనూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఒక అంగడి రోజు నాయ్‌గావ్ వైపు నుంచి గంగవ్వ అనే రైతు ఇల్లాలు వచ్చింది. పెళ్లి బేరమనుకొని గులాబీ సీసా తీశాను.

“అది కాదు బిడ్డా. గుడాకు వాసనది కావాలె.”

గుడాకు అంటే బెల్లం కలిపి నూరిన పొగాకు. హుక్కా మీది చిలుంలో వేసి ముట్టించి పీలుస్తారు. ఆ వాసన పోగొట్టే అత్తరు అడిగినవాళ్లున్నారు గానీ, ఆ వాసనే కావాలన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

సంగతి ఏమిటంటే, ఆమె పెనిమిటి భూమన్నకు దగ్గు. మళ్లీ హుక్కా ముట్టుకుంటే ఈ చలికాలం దాటడం కష్టమని హకీం సాబ్ చెప్పాడు. ఆయన మానేశాడు. కానీ ఏడాది నిండిన మనవరాలు లచ్చి పుట్టినప్పటి నుంచి ఆయన భుజం మీద తప్ప నిద్రపోని పిల్ల. ఇప్పుడు ఆ వాసన లేక, ఆయన ఎత్తుకుంటే ఎవరో ఎత్తుకుపోతున్నట్టు ఏడుస్తున్నది.

“పోరి రాకుంటె ఈ బతుకెందుకు, మల్ల చిలుం ముట్టిస్త అంటుండు. ఎట్లనన్న చెయ్యి బిడ్డా. రోజూ పూసుకునేటట్టు ఉండాలె. పొగ మాత్రం వద్దు.”

హకీం మాట దాటకుండా, పొగాకు లేని పొగాకు అత్తరు చేయాలి. కాలేజీలో ఇలాంటి ప్రశ్న ఎప్పుడూ ఇవ్వలేదు. ముందు చందన తైలం తీసుకున్నాను. మా వృత్తిలో దాన్ని జమీన్ అంటాం, మిగతా వాసనలన్నీ దాని మీదే నిలబడతాయి. ఎండిన ఆకు ఘాటుకు జటామాంసి, వట్టివేరు. తీపికి లోబాన్ అనే సాంబ్రాణి, తేనెమైనం. వెచ్చదనానికి కాస్త లవంగ నూనె. అక్కడితో ఆగితే బాగుండేది. చదువుకున్నవాణ్ని కదా, గులాబీ కూడా కలిపాను.

గంగవ్వ వాసన చూసింది. “ఇది పూసుకుంటె మా ఆయన మల్ల పెండ్లికి తయారైండంటరు.”

గులాబీ లేకుండా మళ్లీ చేశాను. ఈసారి ఆమె కళ్లు మూసుకొని, “గిదే. గిదే మా ఇల్లు” అంది.

మరుసటి అంగడికి బండి కట్టుకొని భూమన్నను, లచ్చిని వెంటబెట్టుకొచ్చింది. మా పద్ధతి ప్రకారం దూదిని అత్తరులో ముంచి, చిన్న ఉండలా ఫాయా చేసి, భూమన్న చెవి మడతలో పెట్టాను. లచ్చిని ఆయన చేతికిచ్చారు. లచ్చి ఆయన్ని చూసింది, నన్ను చూసింది, ఇద్దరం నచ్చక గొంతెత్తింది. బజారులో సగం మంది తొంగిచూశారు.

“చూసినవా సేటు? ఇన్నొద్దులు నా మొఖం చూసి అచ్చిందనుకున్న. నా చిలుం చూసి అచ్చిందట.” భూమన్న నవ్వబోయాడు, దగ్గొచ్చింది. “పోనీ తియ్యి. ఇంటికి పోయి ముట్టిస్త.”

గంగవ్వ కొంగు పిండేస్తున్నది.

అప్పుడు చూశాను. లచ్చి ఏడుస్తూనే ఆయన భుజం మీది రుమాలుకు ముక్కు రుద్దుతున్నది, విసుగ్గా తల తిప్పుకుంటున్నది, మళ్లీ రుద్దుతున్నది.

“అవ్వా, ఈ రుమాలు ఉతికినవా?”

“ఉతకనా మరి? హుక్కా మానిండని సౌడు మట్టి పెట్టి ఉడకబెట్టిన. మల్లెపువ్వోలె లేదా?”

ఉంది. అదే తంటా, పాత వాసనంతా పోయింది. మా తాతల కాలం నుంచి ఫాయాకు చెవే చోటు కాబట్టి నేనూ చెవిలోనే పెట్టాను. పిల్ల ముక్కు ఉన్నదేమో భుజం మీద. ఫాయా తీసి రుమాలు మడతకు అద్దాను.

ఏడుపు మధ్యలో ఆగింది. లచ్చి ముక్కు రుమాలులో దూర్చి, ఒక పెద్ద ఊపిరి పీల్చి, తాత అంగీని పిడికిట పట్టుకొని, నోరు తెరుచుకొని నిద్రపోయింది.

“ఇగ నేను లేవ సేటు” అన్నాడు భూమన్న గుసగుసగా. పిల్ల లేచేదాకా నిజంగానే లేవలేదు. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి కదపలేదు, ఆ పని గంగవ్వ చేసింది. ఆ పూట నా దుకాణంలో వ్యాపారమంతా గుసగుసల్లోనే జరిగింది. గుసగుసగా ఎవరూ గట్టిగా బేరమాడలేరని అప్పుడే తెలిసింది.

ఆయన మళ్లీ చిలుం ముట్టలేదు. ఏటా చలికాలం గంగవ్వ వచ్చి సీసా తీసుకుపోయేది. లచ్చి బడికి పోతున్న రోజుల్లో ఒకసారి అడిగాను.

“అవ్వా, పోరి ఇంకా భుజం మీద పండుకుంటదా ఏంది? ఇదెందుకు నీకు?”

ఆమె సీసాను కొంగున ముడేసుకుంటూ, నా బి.ఎ. వైపు జాలిగా చూసింది. “ఆ ఇంట్ల పోరి ఒక్కతేనా బిడ్డా ఉండేది?”

అప్పటినుంచి రోజువారీ అత్తరు అడిగేవాళ్లను, ఎవరు పూసుకుంటారని అడగను. పక్కన ఎవరు కూర్చుంటారని అడుగుతాను. కొందరు సిగ్గుపడతారు. వాళ్లే మళ్లీ వస్తారు.