గుట్టంతా చూసుకున్న మా తిప్పేస్వామి

నిన్న ఉదయం హొసకోటలో మా ఇంటి ముందు కల్లాపి చల్లి, ముగ్గు వేసి లోపలికొచ్చాను. పాలు స్టవ్ మీద పెట్టి, దేవుడి దీపానికి వత్తి చేసుకుంటున్నాను. పావగడ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. అన్నీ రోజూ లాగే.

ఫోన్ మోగింది. మా పుట్టిల్లు వల్లూరు నుంచి చిన్న తమ్ముడు నాగరాజు.

"అక్కా... తిప్పన్న లేడక్కా."

పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడిపోయాను.

టీ తాగి, గుట్టకు పోదామని గడప మీద కూర్చుని చెప్పులు వేసుకుంటున్నాడట. అట్లే పక్కకు ఒరిగిపోయాడట.

నా పెద్ద తమ్ముడు తిప్పేస్వామి. యాభై కూడా నిండలేదు.

మీలో చాలామందికి వాడు సోలార్ పార్క్ సెక్యూరిటీగానే తెలుసు. వాడి ఇంకో పని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

కొన్నేళ్ల కిందట మా ఊరి గుట్ట మీదికి అడవుల సర్వే వాళ్లు వచ్చారు. దేశంలో అక్కడక్కడ కాస్త అడవిని ఎంచుకుని, తాడు పట్టి నలుచదరంగా గుర్తు పెట్టుకుని, అందులోని చెట్ల చుట్టుకొలత రాసుకుంటారట. అడవి పెరుగుతోందా తరుగుతోందా, నరికిన చెట్ల వల్ల గాలిలోకి ఎంత కార్బన్ పోతోంది అని లెక్క తీయడానికి.

ఆ రోజు డ్యూటీ లేదని మావాడు వాళ్లకు దారి చూపించడానికి వెళ్లాడు.

సాయంత్రం నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, మన గుట్ట చెట్ల లెక్క ఢిల్లీకి పోతాదంట! పసుపు దారం ఉంటే ఇయ్యక్కా."

పూజ గదిలో ఉన్న ఉండ మొత్తం ఇచ్చేశాను.

వాళ్లు తాడు పట్టిన చోటి చెట్లన్నిటికీ ఆ దారం కట్టాడు. పసుపు దారం ఉన్న చెట్టు మీద మా వైపు ఎవరూ కత్తి వేయరు. ఎండాకాలం బిందెలతో నీళ్లు కూడా మోశాడు.

సర్వే వాళ్లు మళ్లీ వచ్చిన రోజు నేను వల్లూరులోనే ఉన్నాను. నన్నూ గుట్ట ఎక్కించాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, పెళ్లిచూపులకు పోతున్నట్టు.

సర్వే మేడమ్ చెట్లు చూసింది. దారాలు చూసింది. మావాడి వైపు తిరిగింది.

"తిప్పేస్వామీ, ఒక్క చుక్క రక్తం చూసి ఒళ్లంతా ఎట్లుండాదో చెప్తారు కదా. నువ్వు ఆ చుక్కనొక్కటే బాగు చేసినావప్పా. ఇది రాసుకుంటే గుట్టంతా ఇట్లే ఉండాదనుకుంటారు. ఆ పక్క చూడు."

చూశాం.

తాడు దాటితే అన్నీ మొద్దులే. ఇక్కడ కొట్టని కట్టె అక్కడ కొట్టారు.

ఆ పూట వాడు అన్నం ముట్టలేదు. "దేవుని దారంతో అబద్ధం చెప్పించినానక్కా" అన్నాడు.

దారం ఇచ్చింది నేనే.

కట్టెలు కొట్టేవాళ్లను కూడా తప్పు పట్టలేం. వేరుశనగ చేలు సోలార్ ప్యానెళ్ల కిందికి పోయాక, ఆ చేలల్లో వచ్చే కందికట్టె కూడా పోయింది. పొయ్యిలోకి గుట్ట తప్ప ఇంకేముంది?

మర్నాడు దారాలన్నీ వాడే విప్పాడు. అక్కడే కట్టెల మోపు కట్టుకుంటున్న మా ఊరి గంగమ్మ ఊరుకుంటుందా?

"ఏం తిప్పన్నా, దారాలిప్పేస్తాండావు? దేవునికి ట్రాన్స్‌ఫర్ అయిందా?"

"ప్రమోషన్ అయిందమ్మా. గుట్టంతా ఆయనకే ఇచ్చినారు. నువ్వూ డ్యూటీలో చేరు."

అట్లా నవ్వుకుంటూనే మొదలైంది.

నరికిన చండ్ర చెట్టు మొద్దుకు వాన పడితే గుత్తులుగా పిలకలు వస్తాయి. వచ్చినవి వచ్చినట్టు కొట్టేస్తే ఎప్పటికీ చెట్టు కాదు. వీడు మొద్దుకు రెండు మంచి పిలకలు ఉంచి, మిగతావి కోసి గంగమ్మ వాళ్లకే ఇచ్చేవాడు. వాళ్లకు కట్టె దొరికేది, చెట్టూ లేచేది. డ్యూటీకి పోయే ముందు రోజూ గుట్ట చుట్టూ ఒక రౌండ్.

"నువ్వు ఆ మొద్దును చేసుకోవాల్సింది, నన్ను కాదు" అని వాడి భార్య రత్నమ్మ మొదట్లో దెప్పేది. తర్వాత తనే కొడవలి పట్టుకుని వెంట పోయేది.

ఇప్పుడు ఆ పిలకలు మనిషెత్తు. రోడ్డు మీది నుంచి చూసినా గుట్ట పచ్చగా కనిపిస్తోంది.

సర్వే వాళ్లు మళ్లీ వచ్చేలోపు అవి చెట్లయిపోవాలని వాడి ఆశ. ఇంకా రెండు మూడు వానాకాలాలు కనిపెట్టుకుని ఉండాలి. ఒక్క ఏడాది వదిలేసినా మళ్లీ మొద్దులే.

నిన్న సాయంత్రం వల్లూరులో మట్టి ఇచ్చి వచ్చి అందరం వాకిట్లో కూర్చున్నాం.

గుట్ట మాట రత్నమ్మే ఎత్తింది.

"గుట్టకు నేను పోతా. యా పిలక ఉంచాల్నో నాకు తెలుసు."

మా చిన్నాన్న ఒప్పుకోలేదు. "మూడు నెల్లు గడప దాటకూడదమ్మా. మన ఇండ్లల్లో యాడన్నా ఉండాదా ఇది?"

అందరూ నా వైపు చూశారు. ఇంటికి పెద్దదాన్ని. పూజలూ ఆచారాలూ ఎక్కువని పేరున్నదాన్ని.

ఒక్క నిమిషం కళ్లు మూసుకున్నాను.

"దేవుణ్ణి అడిగినా చిన్నాయనా. ఆయనేం వద్దనలేదు."

చిన్నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అయితే నేనెవర్నిలే" అన్నాడు.

దినాలు అయ్యేదాకా గుట్టకు నాగరాజు పోతాడు. ఆ మరుసటి రోజు నుంచి రత్నమ్మ. మొదటి రోజు ఆమెతో నేనూ ఎక్కుతాను. ఇంటిల్లిపాదీ ఒప్పుకున్న మాట ఇది.

నిశ్చింతగా పోయిరా తిప్పా. ఆ స్వామి నిన్ను చల్లగా చూసుకోవాలి నాయనా.