వాగు ఒడ్డు నేరేడు, జమ్లి అనుమానం

జమ్లికి తన నీడ మీద కూడా నమ్మకం లేదు. భద్రాచలం రోడ్డుకు లోపలగా, అడవి అంచు తండాలో ఆమె ఇల్లు. భర్త పోయాక ఎండాకాలం తునికాకు, తొలకరికి నేరేడు పండ్లు, అదే ఆమె బతుకు. మామిడి పండ్లమ్మే తోటికోడలు పూలితో కలిసి తట్ట నెత్తిన పెట్టుకుని కొత్తగూడెం బస్టాండుకు పోయేది. తోడంటూ ఆమెకు మిగిలింది ఆ పూలి ఒక్కతే. జనం ఊసిన గింజల్ని కూడా జమ్లి వదిలేది కాదు. ఎండబెట్టి, షుగర్ జబ్బు పొడికి మూలికల వైద్యం చేసే హకీం సర్వర్‌కు ఇచ్చేది. ఆయన తూకం మీదా అనుమానమే.

వాగు ఒడ్డున ఉన్న పెద్ద నేరేడు పంతొమ్మిదొందల ఎనభై ఆరులో జమ్లిది. పూత మీదున్నప్పుడు మొదలుకు ఎవరు గుడ్డ కడితే ఆ ఏడు పండు వాళ్లదని తండా కట్టుబాటు. నేరేడు చూడ్డానికి దిట్టంగానే ఉంటుంది గానీ కొమ్మ పెళుసు. నమ్మి ఎక్కినవాడు నడుం విరగ్గొట్టుకోవాల్సిందే. అందుకని కింద పాత చీరలు పరిచి వస్తారు. తెల్లారేసరికి మాగిన పండు దానంతటదే రాలి ఉంటుంది. మర్నాటికి నిలవదు, ఏ రోజుది ఆ రోజే అమ్ముకోవాలి.

ఒక పొద్దున చూస్తే చీరల మీద సగం పండు లేదు. తాను వచ్చే వేళ తెలిసిన మనిషి పూలి కాక ఇంకెవరు? బస్టాండులో పూలి పక్కనే కూర్చుని జమ్లి ఆమెను ఓరకంట చూస్తూనే ఉంది. మధ్యాహ్నం బస్సు దిగగానే తండా పెద్ద నాయక్ హరిలాల్ ఇంటి ముందు పంచాయితీ పెట్టించింది. కట్టుబాటు తప్పిన మనిషితో తండాలో ఎవరూ మాట్లాడరు, కలిసి తినరు.

“నాలిక చూపియ్యమనుండ్రి!” అంది జమ్లి.

నేరేడు రంగు అంత తొందరగా వదలదు. పూలి నాలుక చాపింది. వంకాయ రంగులో ఉంది.

“ఏందమ్మా, ఏమన్న చెప్తవా?” అడిగాడు హరిలాల్.

పూలి చాలాసేపు జమ్లి వైపే చూసింది. దొంగ అని తేల్చేశారు.

మర్నాడు జమ్లి ఒంటరిగా పోయింది. పండు ఇంకా తక్కువ. ఈసారి పూలి అడుగుల కోసం వెతికింది. వానకు మెత్తబడ్డ మట్టిలో పొడుగాటి గోళ్లున్న పాదాల గుర్తులు దొరికాయి. ఆ పక్కనే పెంటకుప్ప, దాని నిండా నేరేడు గింజలే. ఎలుగుబంటి! దానికి ఈ పండంటే ప్రాణం. జమ్లికి ఒళ్లు జల్లుమంది. ఆ వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది.

తట్ట అక్కడే పారేసి పూలి ఇంటికి పరుగెత్తింది. ఎలుగు సంగతి చెప్పింది. అయినా అనుమానం చావలేదు.

“మరి నీ నాలిక ఎట్ల నల్లగైందే?”

బియ్యం చెరుగుతున్న పూలి తలెత్తలేదు.

“బోణీకి ముందు తొలి దోసెడు పక్కమనిషికి పెడతవు గద అక్కా, రోజూ. నిన్న బస్టాండుల గూడ పెట్టినవ్. నన్ను ఓరగ చూసుకుంటనే నా చేతిల పోసినవ్.”

“మరి పంచాయితీల ఎందుకు చెప్పలె?”

“నువ్వు చెప్తవని చూసిన.”