కొండ బంగళాలో రెండుసార్లు ఉప్పేసిన కూర

బుడ్డమ్మా...

నిన్న పొద్దున ఎసట్లో జొన్నలు పోస్తున్నాను. ఆస్పత్రి నుంచి మనిషి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

నీకు జ్వరం తగ్గి ఆకలేస్తోందేమో, గంజి కోసం పంపారేమో అనుకున్నాను. గిన్నె కూడా కడిగాను.

అతను తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఆ గిన్నె ఇంకా అక్కడే బోర్లించి ఉంది.

హాస్టలు పిల్లలూ, ఈ కాగితం మీకోసమే. భోజనాల గది తలుపుకి అంటిస్తున్నాను. తప్పులుంటే నవ్వుకోండి. ఈ నాలుగు అక్షరాలూ మీ కరుణ టీచరు నాకు పొయ్యి దగ్గర కూర్చోబెట్టి బొగ్గుతో నేర్పినవే.

మీ టీచరుకి ఇంట్లో పేరు బుడ్డమ్మ. పిల్లలకు తెలిస్తే క్లాసులో పరువు పోతుందని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఇవాళ ఒట్టు తప్పాను. కన్నతల్లిని కదా, ఏమీ అనదులే.

నిన్నటి నుంచి మీలో ఒక్కరూ కంచం ముట్టలేదు. వండిన కుండ వండినట్టే ఉంది. అందుకే మనం కొండకి వెళ్ళిన సంగతి రాస్తున్నాను.

పోయిన వానాకాలం. మాచర్ల స్టేషనులో రైలు దిగి, ఎడ్లబండ్లెక్కి, ఆ పైన ఫారెస్టు బంగళా దాకా నడక. చెట్టూ పిట్టా చూసి పాఠం నేర్చుకోవాలని స్కూలు వాళ్ళు పంపారు. మీరు పన్నెండు మంది, హెడ్మాస్టరుగారు, నా కూతురు, వంటకి నేను.

మొదటి రోజే బంగళా ముందుకి నెమలి వచ్చింది. పురి విప్పింది. అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.

అప్పుడు మన మార్తమ్మ మెల్లగా అడిగింది. “ఇది తినొచ్చా టీచర్?”

హెడ్మాస్టరుగారికి కోపం వచ్చింది. “ఏందే, మిమ్మల్ని కొండ చూడటానికి తెచ్చామా, మేయటానికి తెచ్చామా?”

నా కూతురు పడీపడీ నవ్వింది. “అడగనీండి సార్. యుద్ధమని జొన్నలు గూడా రేషన్లో ఇస్తుండారు. ఆకలి మీదున్న పిల్లలు. తినేదేందో తెలిస్తే మిగతాది వాళ్ళే చూస్తారు.”

ఆ సాయంత్రమే మీ నోటుబుక్కుల్లో మూడు గళ్ళు గీయించింది. తన పుస్తకంలోనూ గీసుకుంది.

తినేవి.
తినకూడనివి.
చూసి ఊరుకునేవి.

నెమలి మూడో గడిలోకి పోయింది. పొదల్లో దొరికిన ఆకాకరకాయలు మొదటి గడిలోకి. ఎవరో హెడ్మాస్టరుగారి పేరు రెండో గడిలో రాశారు. ఎవరో నాకు తెలుసు. చెప్పను.

రెండో రోజు మీరు ఒళ్ళో నింపుకొచ్చిన ఆకాకరకాయలు కూర చేశాను. తడి కట్టెలు, కళ్ళు కనిపించని పొగ. ఒకసారి ఉప్పేసి, వెయ్యలేదనుకుని మళ్ళీ వేశాను.

మీరు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని టీచరు మొహం చూశారు.

అది తలొంచుకుని తింటోంది. మారు కూడా వడ్డించుకుంది. దాన్ని చూసి మీరూ కిక్కురుమనకుండా తిన్నారు.

ఆఖరున నేను తింటే గానీ తెలియలేదు.

“ఓసి నీ మొహం మండ! ఇంత ఉప్పు ఎట్టా తిన్నావే?”

“పొద్దుట్నుంచీ పొగలో ఉంటివి గదమ్మా, ఏం చెప్పను? ముందు మంచినీళ్ళియ్యి, నాలిక పీక్కుపోతాంది!”

అప్పుడు చూడాలి! పన్నెండు మందీ ఒక్కసారే కడవ మీద పడ్డారు. అందరికంటే ముందు హెడ్మాస్టరుగారు.

మర్నాడు నా కూతురి పుస్తకం తీసి కూడబలుక్కుని చదివాను. రెండో గడిలో రాసుంది, ‘అమ్మ రెండుసార్లు ఉప్పేసిన కూర’ అని.

దాన్ని కొట్టేసి, మొదటి గడిలో మళ్ళీ రాసుకుంది.

ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. వంటింట్లో, ఉప్పు జాడీ పక్కన పెట్టుకున్నాను.

బుడ్డమ్మా, వెళ్ళిరా తల్లీ. ప్రభువు దగ్గర నీకు జ్వరం ఉండదు. హాయిగా పడుకో.

పిల్లలూ, గంట కొట్టించాను. జొన్నన్నం, పప్పు వేడిగా ఉన్నాయి. పప్పులో ఉప్పు ఒకసారి వేశానో, రెండుసార్లు వేశానో గుర్తులేదు.

కడుపునిండా తినండి.