సెట్టు బాబాయి కుడిచెయ్యి

విరిగిన ఎముకలకు పిండికట్లు వేయడం ఆయన పని. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, జీతాల గుమాస్తాకు తప్ప ఆ ఆసుపత్రిలో ఎవరికీ దానితో పని పడలేదు. పెద్ద డాక్టరు మొదలుకొని గేటు దగ్గరి కాపలావాడి దాకా అందరికీ ఆయన సెట్టు బాబాయే. ఎందుకంటారా? ఇంగ్లీషులో ఆయనకు పట్టుబడ్డ క్రియ అదొక్కటే. దాన్ని మాత్రం అరిగిపోయేదాకా వాడాడు. ఎముక సెట్టు చెయ్యాలి, పిండి సెట్టవ్వాలి, ఆగిన గడియారం సెట్టు చెయ్యాలి, అలిగిన స్టోరు గుమాస్తాను సెట్టు చెయ్యాలి. పక్కింటి కుర్రాడికి ఉద్యోగం సెట్టయింది. ఇవాళ కూరలో ఉప్పు మాత్రం సెట్టు కాలేదు.

ఈ చివరి మాటకు ఇంట్లో జవాబు సిద్ధంగా ఉండేది.

“ఊళ్ళోవాళ్ళ ఎముకలన్నీ సెట్టు చేస్తారు, మన వంటింటి కుళాయి మాత్రం మీకు సెట్టు కాదు. ముందు దాని సంగతి చూడండి, తర్వాత ఉప్పు సంగతి మాట్లాడుకుందాం” అనేది భార్య.

కూతురు బడిలో ఇంగ్లీషు టీచరు. తండ్రి ఆ మాటను ఆడించే తీరుకు నవ్వీ నవ్వీ, ఒక సెలవు రోజున లావుపాటి డిక్షనరీ తెచ్చి ఆయన ముందు తెరిచింది.

“నాన్నా, నీ మాటకు ఎన్ని అర్థాలున్నాయో చూడు. పేజీలకు పేజీలు! భోజనాల బల్ల సర్దినా సెట్టే, పరీక్ష పేపరు తయారుచేసినా సెట్టే, ఉచ్చు పన్నినా సెట్టే, నిప్పు పెట్టినా సెట్టే. ఆఖరికి సూర్యుడు అస్తమించినా సెట్టేనట.”

“సూర్యుడు కూడానా!” అని ఆయన నోరు తెరిచాడు. కాసేపు ఆలోచించి, “అవును మరి, పాపం రోజంతా తిరిగి తిరిగి ఎక్కడో ఒకచోట కుదురుకోవాలి కదా. ఇన్ని పేజీలెందుకమ్మా, కదిలింది కుదురుకోవడం, అంతే” అన్నాడు.

“నిప్పు పెట్టడంలో కుదురేముంది నాన్నా?”

“అది మీ అమ్మనడుగు” అని లేచి చెప్పులు వేసుకున్నాడు.

నవ్వులాట అలా ఉంచండి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కట్ల గదిలో మాత్రం ఆయన ఆ మాటను ఇలా నోటికొచ్చినట్టు వాడేవాడు కాదు. డాక్టరు విరిగిన ఎముకను లాగి సరిచేశాక ఈయన దూది చుట్టి, తడిపిన పిండిగుడ్డను వరస మీద వరస చుట్టి, ఆపైన రెండు అరచేతులూ ఆనించి పట్టుకునేవాడు. పిండి బిగుసుకుంటున్నప్పుడు వేడెక్కుతుంది. ఆ వేడి అరచేతికి తగిలి, గట్టిపడేదాకా చేతులు తీయకూడదు. వేళ్ళతో నొక్కకూడదు, నొక్కితే లోపల సొట్టపడి చర్మం పుండవుతుంది. పట్టుకున్నంతసేపూ రోగికి నొప్పి మీద ధ్యాస లేకుండా లోకాభిరామాయణమంతా చెప్పేవాడు. ఎముక కుదురుగా కూర్చుందని అరచేతికి తెలిశాకే “సెట్టయిపోతుంది” అనేవాడు. తెలియకపోతే ఎంత బతిమాలినా అనడు. కబుర్లు ఆపేసి, పిండి ఇంకా మెత్తగా ఉండగానే విప్పేసి, డాక్టరును మళ్ళీ పిలిచేవాడు.

రోగులు అది ఆయన ఊతపదమని ముచ్చటపడేవాళ్ళు. కాదని తెలిసింది ఒక్క మనిషికే. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన నర్సమ్మకు.

నర్సమ్మ తక్కువ మాటల మనిషి. మొదట్లో ఆమె వేళ్ళు ఊరుకునేవి కావు.

“అరచేతులమ్మడూ, అరచేతులు! వేళ్ళతో పట్టుకోవడానికి అది రోగి చెయ్యా, పిల్లనగ్రోవా?” అని ఆయన రోజూ కసిరేవాడు. ఆమె మారు పలకకుండా చెయ్యి సరిచేసుకునేది. ఒకరోజు మాత్రం, “బాబాయ్, ఆ మాట నేనూ అనొచ్చా?” అని అడిగింది.

“నీ అరచేతికి తెలిసిన రోజున అను. తెలియకుండా అంటే అబద్ధం. ఆ అబద్ధం వాళ్ళు జన్మంతా మోస్తారు, గుర్తుంచుకో.”

గది నేల మీద పిండినీళ్ళు పడితే వెంటనే తుడవాలని అందరికీ పాఠాలు చెప్పేది కూడా ఆయనే. మరి ఒకనాడు ఆయనకేం పుట్టిందో, బయట పసివాడి ఏడుపు విని, గుడ్డ కోసం చూడకుండా ఆ తడిమీదే పరుగున అడుగేశాడు. జర్రున జారి కుడి అరచేతిమీద పడ్డాడు. టప్‌మని చప్పుడైంది. ఆ చప్పుడు ఆయనకు కొత్త కాదు. మణికట్టు వంక చూసుకుని, డాక్టరు చెప్పకముందే సంగతి గ్రహించాడు.

ఊరందరికీ ధైర్యం చెప్పినవాడికి గుండె జారిపోయింది. ఆ మణికట్టు వంకరగా అతికితే అరచెయ్యి పైకి తిరగదు, పిడికిలి బిగియదు. కట్టు కట్టే చెయ్యి అది. అది పోతే ఆయనకు ఇంకో విద్య లేదు, ఇంకో విద్య కావాలని ఆయన ఎన్నడూ అనుకోనూ లేదు. ఎముక ఎన్ని రకాలుగా కుదరకుండా పోగలదో తెలిసిన మనిషికి భయం ఎక్కువే ఉంటుంది మరి. భార్య కబురందుకుని పరుగున వచ్చి భుజం పట్టుకుంటే, ఆమె వైపు చూడలేక గోడ వైపు చూశాడు.

పెద్ద డాక్టరు మత్తుసూది వేసి ఎముకను లాగి సరిచేశాడు. నర్సమ్మ దూది చుట్టింది, పిండిగుడ్డ చుట్టింది, రెండు చేతులూ ఆనించింది. వేళ్ళు తగలలేదు. ఆయన ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. పిండి కింద చర్మానికి గోరువెచ్చగా తగలసాగింది. ఇక ఆ మాట అనాలి. ఆమె అనలేదు.

“ఏమైందమ్మా, మాట్లాడవేం? బాగానే కుదిరిందా?” అంది భార్య, ఉండబట్టలేక.

నర్సమ్మ చూపు కట్టు మీదే ఉంది. ఒక్కసారి అంటే ఏం పోయింది, ఉత్తినే అయినా అనొచ్చు కదా అని ఆయనకు అనిపించింది. అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడ్డాడు.

ఆమె అరచేతులు తీసేసి, మెత్తగా ఉన్న పిండిగుడ్డ కొస పట్టుకుని గబగబా విప్పడం మొదలుపెట్టింది.

“సార్, మళ్ళీ లాగాలి. చుట్టేటప్పుడు కొంచెం జారింది.”

“ఖాయమేనా? ఎక్స్‌రే తీసి చూద్దామా?” అన్నాడు డాక్టరు.

“తీసి చూసేలోగా గట్టిపడిపోతుంది సార్. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అవుతుంది.”

డాక్టరు ఇంకేం అడగకుండా చేతులు ముందుకు చాచాడు. మత్తు కొంత దిగింది కాబోలు, రెండోసారి లాగినప్పుడు సెట్టు బాబాయికి చుక్కలు కనబడ్డాయి. కెవ్వుమన్నాడు. పక్క గదిలో కట్టు కోసం కూర్చున్న పసివాడు తన ఏడుపు ఆపి ఈ ఏడుపు విన్నాడట.

మళ్ళీ దూది, మళ్ళీ పిండిగుడ్డ, మళ్ళీ ఆ రెండు అరచేతులు. ఈసారి ఆయన ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు, కళ్ళు మూసుకున్నాడు. వెచ్చదనం మొదలైంది, పెరిగింది. చాలాసేపటికి ఆమె గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది.

“సెట్టయిపోతుంది బాబాయ్.”

ఆ మాట చెప్పడమే గానీ వినడం ఎలా ఉంటుందో ఆయనకు అప్పటిదాకా తెలియదు. కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారాయి. తుడుచుకుందామంటే ఖాళీగా ఉన్న ఎడమచెయ్యి భార్య గుప్పిట్లో ఉంది. తుడుచుకోవడం మానేశాడు.

కట్టు కోసిన రోజున పెద్ద డాక్టరు, నర్సమ్మ, భార్య, పాఠం వదిలేసి వచ్చిన కూతురు, గది నిండా జనం. సన్నబడి పాలిపోయిన చెయ్యి బయటపడింది. అరచెయ్యి మెల్లగా పైకి తిరిగింది. పిడికిలి ముందు మొరాయించింది, తర్వాత వేలు వెనక వేలు ముడుచుకుని బిగిసింది. కూతురు ముక్కు ఎగబీల్చింది.

“ఆ రోజు విప్పేటప్పుడు భయం వెయ్యలేదా అమ్మడూ?” అని నర్సమ్మను అడిగాడు సెట్టు బాబాయి.

“వేసింది. ఊరికే అనేసి, తర్వాత రోజూ మీ చెయ్యి చూడాలంటే ఇంకా ఎక్కువ భయమేసింది.”

ఆయన ఆమె రెండు చేతులూ అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

“నీ చేతులు చల్లగుండ తల్లీ! ఇది నా చెయ్యి కాదు, నువ్విచ్చిన చెయ్యి.”

“చల్లగుంటే ఎలా బాబాయ్? పిండి వేడెక్కేది ఎలా తెలుస్తుంది?” అంది నర్సమ్మ. తక్కువ మాటల మనిషి అంత మాట అనేసరికి గదంతా గొల్లుమంది.

బయట కాలు విరిగినాయన ఒకరు మూలుగుతున్నాడు. “లోపలికి తీసుకురండి” అని కేకేసి, సెట్టు బాబాయి ముందు గుడ్డ తీసుకుని నేల మీది తడి తుడిచాడు. కట్టు నర్సమ్మే వేసింది. ఆయన పక్కన కూర్చుని రోగికి కబుర్లు చెప్పాడు, నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటను మాత్రం ఆపుకుని, ఆమె ఎప్పుడంటుందా అని ఎదురుచూశాడు.